పుంటికూర సాక్షిగా సాంస్కృతిక వినిమయం

1909లో న్యూయార్క్‌లో హ్యారీ ఎడ్మండ్స్ అనే వైఎంసీఏ ఉద్యోగి, కొలంబియా యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల మీద ఎదురైన ఒక చైనా విద్యార్థిని మామూలుగా పలకరించాడు. ఆ కుర్రాడు ఆగిపోయి, 'ఈ ఊరొచ్చి మూడు వారాలైంది, నాతో మాట్లాడిన మొదటి మనిషివి నువ్వే' అన్నాడట. ఎడ్మండ్స్‌కి మనసు చివుక్కుమంది. ఆయన వెంటపడగా వెంటపడగా కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బిచ్చాడు. అన్ని దేశాల విద్యార్థులూ కలిసి ఉండి, కలిసి తినే ఇంటర్నేషనల్ హౌస్ 1924లో రివర్‌సైడ్ డ్రైవ్‌లో తెరుచుకుంది. 1930లో బర్కిలీలో ఇంకొకటి, 1932లో షికాగోలో మరొకటి.

అనవసరపు ఖర్చు. ఇదే పనిని మనవాళ్లు రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఆరుగురిని సర్ది, రాక్‌ఫెల్లర్ ఊసే లేకుండా చేసి చూపించారు.

అసలు ఎడ్మండ్స్ కంగారుపడ్డ సమస్యే మనకు రాదు. ఎమ్మెస్ చేయడానికి బయల్దేరిన తెలుగు కుర్రాణ్ని విమానం ఎక్కకముందే వాట్సాప్ గ్రూపులో రెండొందల మంది పలకరిస్తారు. ఎయిర్‌పోర్టుకి వచ్చే సీనియర్‌ది ఖమ్మం. ఇండియన్ స్టోర్‌లో బిల్లు వేసే అబ్బాయిది తెనాలి. మూడు వారాలు గడిచాక చూసుకుంటే, తెలుగు రాని మనిషి ఒక్కడూ పలకరించి ఉండడు. పలకరింపుల కొరత మాత్రం లేదు కదా!

ఇక అడ్మిషన్ పద్ధతి. బర్కిలీలో అన్ని రంగులవాళ్లూ, ఆడా మగా ఒకే కప్పు కింద ఉండటమేమిటని ఎనిమిది వందల మందికి పైగా సభ పెట్టి గోల చేశారు. ఎడ్మండ్స్ మొండివాడు. విదేశీయుల్ని, నల్లవాళ్లని గడప తొక్కనివ్వని విద్యార్థి క్లబ్బులు కొలువున్న పీడ్‌మాంట్ అవెన్యూలోనే ఏరికోరి స్థలం తీసుకున్నాడు. మనం అంత రచ్చ చేయం. 'హాల్‌లో ఒక స్పాట్ ఖాళీ, తెలుగువాళ్లకు మాత్రమే, వెజ్ అయితే మంచిది' అని పోస్టు పెడతాం. ఫోన్ చేసినవాణ్ని ముందు ఊరు అడుగుతాం. తర్వాత ఎంతో ఆప్యాయంగా, 'ఇంటిపేరేంటి బ్రో?' అంటాం. పీడ్‌మాంట్ అవెన్యూవాళ్లకి ఈ మర్యాద తెలియక చెడ్డపేరు తెచ్చుకున్నారు.

నేనున్న ఫ్లాట్‌లో వినిమయం దండిగానే జరిగింది. కరీంనగర్ అతను పుంటికూర అనేవాడు. గుంటూరు అతను గోంగూర అనేవాడు. ఖర్చులు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఆ కట్ట ఏ పేరుతో ఎక్కాలన్న దానిమీద రాత్రి రెండింటిదాకా చర్చ. హాల్‌లో పడుకునేది నేను కాబట్టి ఆ సెమినార్‌కి శాశ్వత శ్రోతనూ నేనే. ఎదురు ఫ్లాట్‌లో ఒక బ్రెజిల్ పరిశోధకుడు ఉండేవాడు. నవ్వేవాడు, మేమూ నవ్వేవాళ్లం. రెండేళ్లలో మా రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం అంతవరకే.

అయినా ఒక్క రాత్రి మా బిల్డింగు నిజంగానే ఇంటర్నేషనల్ హౌస్ అయింది. జనవరి చలి. మా వంటింట్లో పచ్చడి కోసం ఎండుమిరపకాయలు వేగుతున్నాయి. ఒక్కసారిగా స్మోక్ అలారం మోగింది. బ్రెజిల్, కొరియా, ఇరాన్, నైజీరియా, ఇంకా మేం ఆరుగురం, దుప్పట్లు కప్పుకుని పార్కింగ్‌లో నిలబడి, దగ్గుకుంటూ తొలిసారి ఒకరి పేర్లు ఒకరం అడిగి తెలుసుకున్నాం. బ్రెజిల్ అతనిది గణితమని, కొరియా అమ్మాయి కిందటి వారమే వచ్చిందని అప్పుడే తెలిసింది.

ఫైరింజన్ వచ్చింది. లోపలికెళ్లి చూసొచ్చిన ఫైర్‌మన్ కళ్లు తుడుచుకుంటూ, ఏం వండుతున్నారని అడిగాడు.

"గోంగూర."

"పుంటికూర."

అతను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, రిపోర్టులో 'ఆకులు' అని రాసుకున్నాడు.