తొర్ర ఎక్కడుందో చెప్పాలా?

(మహేంద్రగిరి వాలులో ఒక పాత చెట్టు తొర్రలో పెద్ద రామచిలుక గూడును చూసి వచ్చిన మేనల్లుడికీ, సైన్సు మాస్టారుగా పదవీ విరమణ చేసిన అతని మేనమామకూ పర్లాకిమిడిలో సాగిన వాదమిది. మామూలు చిలుక కంటే పెద్దదై, రెక్క మొదట ఎర్రని మచ్చ ఉండే ఈ పక్షి పిల్లలను అమ్మకానికి పట్టుకుపోవడం దాని సంఖ్య తగ్గడానికి ఒక ముఖ్య కారణం.)

మేనమామ: చూశానంటావు, చోటు చెప్పనంటావు. అలాంటి సాక్ష్యాన్ని ఎవరు లెక్కలోకి తీసుకుంటారురా?

మేనల్లుడు: ఆస్ట్రేలియాలోని రాత్రి చిలుక సంగతి మీకు తెలిసిందే కదా, మావయ్యా. పగలంతా ముళ్ళగడ్డి దుబ్బుల్లో దాగి చీకటి పడ్డాక తిరిగే ఆ పక్షి 1912 తరువాత దాదాపు ఎనభై ఏళ్ళ పాటు ఎవరి చేతికీ చిక్కలేదు. 1990లో క్వీన్స్‌లాండ్‌లో రోడ్డు పక్కన చచ్చిపడి ఉన్నది ఒకటి దొరికింది. 2013లో ఒక అన్వేషకుడు బతికున్న పక్షిని ఫొటో తీసినప్పుడు చోటును బయటపెట్టలేదు. 2016లో ఒక పరిరక్షణ సంస్థ ఆ నేలను కొని రక్షిత ప్రాంతంగా మార్చింది. ముందే ఊరూవాడా తెలిసిపోయి ఉంటే కెమెరాల గుంపులు ఆ దుబ్బులను తొక్కి ఉండేవి కావా?

మేనమామ: సగం కథే చెప్పావు. అదే అన్వేషకుడు తరువాత మరికొన్ని చోట్ల ఆ పక్షి ఆనవాళ్ళు దొరికాయని చెప్పగా, నిపుణులు పరిశీలించి అనుమానాలు తెలపడంతో, 2019లో ఆయన పనిచేసిన సంస్థే ఆ నివేదికలను వెనక్కి తీసుకుంది.

మేనల్లుడు: వాటిని తేల్చింది నిపుణులే, జనం కాదు. నేనూ నిపుణులకు చూపించనని అనడం లేదు. చిలుకలను పట్టి పెంచకూడదనే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నా మన వీధిలోనే మూడు పంజరాలు వేలాడుతున్నాయి. ఫొటో ఫోన్లలో తిరిగితే నాలుగో పంజరం ఎక్కడి నుంచి నిండుతుందో మీరే చెప్పండి.

మేనమామ: ఆ చెట్టు సంగతి కొండమీది సవరలకు నీకంటే ముందే తెలిసి ఉంటుంది, కాబట్టి నువ్వు దాచేది ఎవరి దగ్గర? రేపు ఆ వాలులో రోడ్డు వేస్తామని ఎవరైనా వస్తే, ఏ కాగితంలోనూ లేని గూటి కోసం ఎవరు అడ్డుపడతారు?

(ఇక్కడ మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. నా దృష్టిలో ఈ వాదమంతటిలో బరువైన ప్రశ్న ఇదే.)

మేనల్లుడు: సరే, అటవీ శాఖకు చోటుతో సహా రాసిస్తాను. ఫొటో మాత్రం పిల్లలు ఎగిరిపోయాకే బయటపెడతాను.

మేనమామ: పిల్లలు ఎగిరిపోయినా తొర్ర అక్కడే ఉంటుంది కదరా. వచ్చే ఏడు అందులోనే గుడ్లు పెడితే?