నాలుగో వరస

మా అమ్మాయి మాక్ టెస్టు రాసినప్పుడల్లా వెనక నిలబడి "ఇంత తేలికైంది కూడా తప్పు పెట్టావా?" అనడం నాకలవాటు. ఒకరోజు అది విసిగిపోయి గుండ్రాలు నింపితే మిషను దిద్దే ఓఎంఆర్ షీటు, ఖాళీదొకటి నా ముందు పడేసింది. వంద ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. అందరికంటే తక్కువ వచ్చినవాళ్లు వారం రోజులు గిన్నెలు తోమాలి. ఇంకా కూడబలుక్కుని చదివే మావాడు "నేనూ!" అన్నాడు. పోనీలే పాపమని వాడికీ ఒకటిచ్చాం.

మొదటి మూడూ టకటకా అయిపోయాయి. నాలుగోది మొండికేసింది. తర్వాత చూద్దాంలే అని ఐదోదానికి వెళ్లిపోయాను. వెళ్లింది నేనే, పెన్ను కాదు. అది నాలుగో వరసలోనే ఉండిపోయింది. ఐదో జవాబు నాలుగులో, ఆరోది ఐదులో... చివరి ప్రశ్న అయ్యాక చూస్తే అడుగున ఒక వరస ఖాళీ! అచ్చువేసినవాళ్ల పొరపాటనుకుని, దాన్ని మాత్రం చిన్నబుచ్చడమెందుకని 'సి' నింపేశాను.

మావాడు ప్రశ్నపత్రం తెరవనే లేదు. పైనుంచి కిందిదాకా 'బి'లు దిద్దుకుంటూ పోయాడు.

కీ పెట్టి చూస్తే నాకు 27. వాడికి 29.

కళ్లు మూసుకుని పెట్టినా సగటున 25 తగుల్తాయట. అంటే నా ఇన్నేళ్ల చదువు ఖరీదు రెండు మార్కులు. తప్పుకు మూడోవంతు కోత వేసి, 2.67 మిగిలిందని అమ్మాయి చల్లగా చెప్పింది. షీటు ఒక వరస కిందికి జరిపి దిద్దించాను. 88! "చూశావా?" అన్నాను.

"మిషను జరపదు నాన్నా."

నిజమే. 1938లో వచ్చిన ఐబీఎం 805 యంత్రం పెన్సిల్ గీతలోని గ్రాఫైటు గుండా కరెంటు పారుతోందా లేదా అన్నదే చూసేది. ఇప్పటివి వెలుతురుతో నలుపును పసిగడతాయి. ఎవరి పిల్లలో, రాత ముత్యాలో కోడిగీతలో, దిద్దేవాడు పొద్దున్నే ఎవరితో పోట్లాడొచ్చాడో వాటికి అక్కర్లేదు. లక్షలమందిని ఒకే కొలబద్దతో కొలవాలంటే అది గొప్ప గుణమే. చేత్తో దిద్దించుకుని దెబ్బతిన్నవాణ్ణి, కాదనను. కానీ నాకు తెలియక తప్పిందో, తెలిసీ వరస తప్పిందో, మావాడికి అసలేమైనా తెలుసో, అది అడగదు. దాని దృష్టిలో అన్నీ నల్లచుక్కలే.

ఈ ముక్క ఇంట్లో చెప్పి చూశాను. గిన్నెలు మాత్రం తప్పలేదు. మావాడు స్టూలెక్కి పర్యవేక్షిస్తున్నాడు.

"నాన్నా, నాలుగోది వదిలేశావ్."