మాస్టర్ సిలిండర్ బోల్టు గారికి ఒక మనవి

మహారాజశ్రీ మోరిస్ మైనర్ మాస్టర్ సిలిండర్ బోల్టు గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ కుశలంగా ఉన్నది మీరొక్కరే. నా చూపుడువేలి గోరు ఆదివారం మధ్యాహ్నంతోపాటే పోయింది.

ఈ పాతకాలపు బ్రిటిష్ కారులో కార్పెట్ ఎత్తి, రేకు మూత ఊడదీసి, నేల కింద చాసిస్‌లో దాక్కున్న, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్‌ని చూసి ఎంత సంబరపడ్డానో. (బ్రేక్ ఆయిల్ చూసుకోవాలంటే డ్రైవర్ కాళ్ళకింద తవ్వాలన్న ఐడియా ఎవరిదో, వాళ్ళకి వేరే ఉత్తరం రాస్తా.) మీ నట్టు తుప్పు వదలాలని మూడ్రోజులుగా ఆయిల్ కొడుతూనే ఉన్నా. 13 రెంచి వదులు, 12 ఎక్కదు, సరే అని అరంగుళం రెంచి కొన్నా. ఉడుంపట్టు పట్టిన నట్టు చివరికి కిర్రుమని తిరిగింది కూడా. అయిపోయిందిరా బాబూ అనుకుని వెనకనుంచి మిమ్మల్ని మెల్లగా తట్టా. టంగ్.

మళ్ళీ తట్టా, మళ్ళీ టంగ్. టార్చ్ వేసి చూస్తే మీ తలకాయకి ఎదురుగా టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే సస్పెన్షన్ కడ్డీ) కాళ్ళు చాపుకుని పడుకునుంది. నట్టు లేదు, వేళ్ళతో తిప్పితే గిరగిరా తిరుగుతున్నారు, బయటికి మాత్రం రారు. మీరు రావాలంటే బార్ జరగాలి, బార్ జరగాలంటే సస్పెన్షన్ విప్పాలి, అదేమో బండి బరువు మోస్తూ మెలితిరిగి ఉంటుంది కాబట్టి కింద జాకీ పెట్టి ప్రాణం అరచేతిలో పెట్టుకుని విప్పాలి, ఇదంతా దేనికయ్యా అంటే వేలెడు లేని బోల్టు ఒకటి పక్కకి రావడానికి!

1948 లండన్ మోటార్ షోకి ముందు బండి సన్నగా ఉందని నిలువునా కోసి 4 అంగుళాలు వెడల్పు చేశారు కదా, అప్పటికే తయారైపోయిన బంపర్లకి మధ్యలో అతుకేశారు కదా, అన్ని అంగుళాలు పంచినప్పుడు మీకో రెండు ఇవ్వడానికి చేతులు రాలేదా? మిమ్మల్ని దూర్చేటప్పటికి బార్ ఇంకా ఎక్కలేదు కాబట్టి ఫ్యాక్టరీలో అందరికీ సుళువే. 1960 డిసెంబర్లో 10 లక్షలవ బండి వచ్చిందని లైలాక్ రంగేసి మురిసిపోయారు. పది లక్షల బండ్లు, ఒక్కడికైనా ఈ బోల్టు అటునుంచి దూర్చుదాంరా అనిపించలేదా?

మర్యాద ఇక్కడితో సరి. ఏరా, నువ్వు చాలవన్నట్టు సిల్స్‌లో (తలుపుల కింది రేకు పెట్టెల్లో) స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడిదాకా దిగింది, రేకనుకున్నదంతా పుట్టీ. అందరికీ మైనస్ వైపు ఉండే ఎర్త్ దీని బ్యాటరీకి ప్లస్ వైపు, అదో తిక్క. పార్సిల్లో వచ్చిన సీల్ కిట్ వేరే బండిది. మా ఆవిడ వచ్చి నా కాళ్ళు చూసి, మంచం కూడా బండి కిందే వేయించనా అని వెళ్ళిపోయింది.

రాత్రి ఏడున్నరకి వచ్చావు బయటికి. సిలిండర్ లోపలంతా తుప్పు, గుంటలు, అది ఇక పనికిరాదు. నువ్వు మాత్రం అరవై ఏళ్ళ బురదలో ఉండి కూడా ఒక్క మర చెడలేదు, గుడ్డతో తుడిస్తే మెరుస్తున్నావు వెధవా. కొత్తది కొనబుద్ధి కాలేదు. కిరోసిన్‌లో కడిగి డబ్బాలో పెట్టా. మళ్ళీ నిన్నే ఎక్కిస్తా, కాకపోతే ఈసారి తల అటువైపు, నట్టు బార్ వైపు.

ఇట్లు,
గోరు లేని భవదీయుడు