పూల ముసుగు వేసుకున్న పేకకు

మహారాజశ్రీ హనఫుడా పేక వారి సముఖమునకు, క్యోటోలో అద్దెకుంటున్న ఒక తెలుగువాడు వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీ పేరుకు పూలముక్కలని అర్థమని విని, పువ్వులు మనల్నేం చేస్తాయిలే అనుకొని మీ ముందు కూర్చున్నాను. అగ్గిపెట్టెంత ఉండి అట్టలా గట్టిగా తగిలే మీ ఒంటిమీద ఒక్క అంకె లేదు. జూదపు పేకలను ఒకప్పటి తోకుగావా వంశపు పాలకులు పదేపదే నిషేధించిన జపానులో అంకె కనబడకపోవడం ఎంత సుఖమో మీకు వేరే చెప్పాలా? నెలకు నాలుగు చొప్పున 48 ముక్కలై, మార్చికి చెర్రీ, సెప్టెంబరుకు చామంతి అంటూ పంచాంగంలా పెద్దమనిషి వేషం కట్టారు. ఆ పంచాంగమైనా సరిగ్గా ఉందా అంటే, వసంతంలో పూసే పౌలోనియాను డిసెంబరులో కూర్చోబెట్టారు. (నేడు వీడియో గేములకు పేరుపడ్డ నింటెండో 1889లో ఈ ఊళ్ళో పుట్టింది మిమ్మల్ని తయారుచేయడానికే కనుక, మీ గర్వాన్ని అర్థం చేసుకోగలను.)

ఆట తేలికేనన్నారు. చెరి ఎనిమిది ముక్కలు, మధ్యలో తెరిచిన ఎనిమిది. చేతిలోని ముక్కకు అదే నెల ముక్క మధ్యలో దొరికితే రెండూ మనవి, దొరక్కపోతే మన ముక్కే అక్కడ పడుతుంది, ఆ తరువాత కట్టలోంచి ఒకటి తిప్పి మళ్ళీ అదే తంతు. అలా చేరిన ముక్కల్లో కొన్ని కలిసి జట్టు కుదిరితేనే పాయింట్లు. చిక్కంతా మీ హోదాలలో ఉంది. మీలో సగం మందిని, అంటే 24 ముక్కలను, కసు అంటారు. జపనీసులో పిప్పి అని అర్థమట. మా ఇళ్ళలో ఊడ్చే కసువుకు దగ్గరి చుట్టమే. అవి పది పోగైతే ఒక్క పాయింటు. పదో శతాబ్దపు లిపికారుడు ఒనో నో మిచికాజేను గొడుగిచ్చి నవంబరు వానలో నిలబెట్టారు. వెలుగులనే పెద్ద ముక్కల్లో ఒక దొరే అయినా, మూడు వెలుగుల జట్టులో మాత్రం ఆయనకు చోటివ్వరు.

ఇక మీ కొయి-కొయి సంగతి. జట్టు కుదిరాక ఆపవచ్చు, లేదా ఆ మాట అని ఆశను పొడిగించవచ్చు. రా, రా అని దాని అర్థం. నా తెలుగు చెవికి మాత్రం కోయ్, కోయ్ అని వినబడింది, నేనూ కోతలు కోశాను. మూడో ఆటలో అడవిపంది, జింక, సీతాకోకచిలుకలు నా పక్కన చేరి అయిదు పాయింట్లు ఖాయమైనా, కొయి-కొయి అన్నాను. ఎదుటనున్న మా ఇంటి యజమానురాలు నవ్వలేదు. చామంతి కసుముక్కను తీసి, మధ్యనున్న సాకె (బియ్యపు మద్యం) గిన్నె బొమ్మ ముక్క మీద టప్పున కొట్టారు. చెర్రీ తెర బొమ్మ ముక్క అప్పటికే ఆమె దగ్గరుంది. ఆ రెండూ కలిసిన పూలవిందు జట్టుకు అయిదు, నా కూతకు రెట్టింపై పది, నాకు సున్న.

నెలకొకటి చొప్పున పన్నెండు ఆటల్లో ఇంకా తొమ్మిది మిగిలాయి, ఆమె ముక్కలు పంచుతున్నారు కనుక ముగిస్తున్నాను. చిత్తగించవలెను.

ఇట్లు,
తమ కట్టలో లేని 25వ కసుముక్క