పాత ట్యూబ్ ఆంప్ కొంటున్నారా? ముందు వెనక్కి తిప్పి చూడండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఎలక్ట్రిక్ గిటార్ ఎక్కువగా మోగేది చర్చిల్లో. ఆర్కెస్ట్రాలు, కాలేజీ ఫంక్షన్లు ఆ తర్వాతే. గిటారిస్టుల్లో చాలామంది ప్రాసెసర్‌ను (గిటార్ ఎఫెక్ట్‌లు ఇచ్చే పెట్టె) నేరుగా మిక్సర్‌కు కలిపి వాయించేవాళ్లే. అలాంటివాళ్లకి ఏదో ఒక రోజు ట్యూబ్ ఆంప్ (గిటార్ మోతను గాజు వాల్వులతో పెంచే యాంప్లిఫయర్) మీద మనసు పడుతుంది. కొత్తది అందే ధరలో ఉండదు. అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్నదో, చెన్నైలో ఎవరో వదిలించుకుంటున్నదో ఫోన్లో కనపడుతుంది. వెంటనే అడిగే మాట, 'ఎన్ని వాట్లు?' ఆ ప్రశ్న తర్వాత అడగొచ్చు. 'ఎన్ని వోల్టులు?' అన్నది ముందు తేలాలి.

వాట్ల సంగతి త్వరగా ముగిద్దాం. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి మోత రెట్టింపైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెళ్లు పెరగాలి, అందుకు పదింతల వాట్లు కావాలి. అందుకే వోక్స్ ఏసీ15కీ దానికి రెట్టింపు వాట్లున్న ఏసీ30కీ మోతలో ఉన్న తేడా కొనేవాళ్లు ఊహించుకున్నంత ఉండదు. 97 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఒక వాటుకు స్పీకర్ ఇచ్చే మోత) ఉన్న స్పీకర్ తీసి 100 డెసిబెళ్లది బిగిస్తే వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం వస్తుంది, ఖర్చూ తక్కువే.

ఇంకో విషయం. చిన్న ఆంప్ డ్రమ్స్ ముందు నిలవదని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు చర్మం బిగించిన అసలు డ్రమ్స్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతారు. మన స్టేజీల మీద ఎక్కువగా ఉండేది ఎలక్ట్రానిక్ ప్యాడ్స్. వాటికి సొంత మోత లేదు, వినిపించేదంతా సౌండ్ బాక్సుల్లోంచే. అలాంటి చోట 5 వాట్ల ఎపిఫోన్ వాల్వ్ జూనియర్ ముందు మైకు పెట్టినా వినపడటానికి లోటుండదు. ఇబ్బంది క్లీన్ సౌండ్ దగ్గర వస్తుంది. ఆరాధన పాటల్లో గిటారిస్టుకు కావలసింది డిలే, రివర్బ్ వేసిన శుభ్రమైన స్వరం. ఒకే పవర్ ట్యూబు (స్పీకర్‌ను నడిపే పెద్ద ట్యూబు) ఉన్న 5 వాట్ల ఆంప్‌లో కాస్త గట్టిగా మీటగానే స్వరం పగులుతుంది. లీడ్ వాయించేవాడికి అది వరం, కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పట్టేవాడికి తలనొప్పి. అందుకే బ్యాండ్ కోసమైతే రెండు ఈఎల్84 ట్యూబుల 15 వాట్ల రకం (ఫెండర్ బ్లూస్ జూనియర్, వోక్స్ ఏసీ15, ఆరెంజ్ టైనీ టెర్రర్ లాంటివి) లేదా రెండు 6వీ6 ట్యూబుల 22 వాట్ల డీలక్స్ రివర్బ్ తీసుకోవడం మేలని మా అభిప్రాయం. 50 వాట్లది మన హాళ్లలో వాల్యూం ఒకటిన్నర మీద పెట్టి వాయించాల్సిందే. మిషన్ కాలం నాటి ఎత్తైన చర్చి కప్పుల కింద అంతకూడా పెట్టనివ్వరు.

ఇప్పుడు వోల్టులు. ఆంప్ వెనక్కి తిప్పితే పవర్ వైరు పక్కన అచ్చువేసి ఉంటుంది. '230 వోల్టులు, 50 హెర్ట్జ్' అని ఉంటే సగం బరువు దిగినట్టే. '120 వోల్టులు, 60 హెర్ట్జ్' అని ఉంటే అది అమెరికా సరుకు. దాన్ని పొరపాటున మన ప్లగ్గులో పెడితే ట్యూబుల్లో వేడి పుట్టించే 6.3 వోల్టుల ఫిలమెంట్లకు పన్నెండు వోల్టులు అందుతాయి. లోపల సరైన ఫ్యూజుంటే అది పోయి మిగతావి బతకొచ్చు. ఎవరో మహానుభావుడు ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి ఉంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

ఈ అమెరికా రకానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ (మన వోల్టులను 120కి దించేది) తప్పనిసరి. ప్రయాణాల్లో హెయిర్ డ్రయ్యర్లకు వాడే తేలికపాటి కన్వర్టర్ పనికిరాదు, రాగి చుట్ల బరువైనదే కావాలి. ఎంతది? 15 వాట్ల ఆంప్‌లో రెండు ఈఎల్84లు ఒక్కొక్కటి 0.76 ఆంపియర్లు, మూడు 12ఏఎక్స్7లు (గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే చిన్న ట్యూబులు) ఒక్కొక్కటి 0.3 ఆంపియర్లు లాగుతాయి. అంటే స్పీకర్‌కు వెళ్లే 15 వాట్లకు సమానంగా ఫిలమెంట్లే తినేస్తాయి. పవర్ ట్యూబుల ప్లేట్లు (ఫిలమెంట్ చుట్టూ ఉండే లోహపు రేకులు) తినేది వేరే. 200 నుంచి 300 వీఏ (వాట్లలాంటి సామర్థ్యపు కొలత) ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే వేడెక్కకుండా నడుస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. 60 హెర్ట్జ్‌కే తయారైన పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు 50 హెర్ట్జ్ ఇస్తే, వోల్టేజీ సరిగ్గా 120 ఉన్నా లోపలి ఇనుప కోర్ మీద భారం ఐదో వంతు పెరుగుతుంది, చెయ్యి పెట్టలేనంత కాగొచ్చు. స్టెప్‌డౌన్‌లో 110 వోల్టుల ట్యాప్ (విడి కనెక్షన్) ఉంటే అది వాడాలి. అప్పుడు ఫిలమెంట్లకు 5.8 వోల్టుల దాకా అందుతాయి, ట్యూబులు ఓర్చుకునే పది శాతం లోపే. ఆంప్ వెనక అచ్చులో '50/60 హెర్ట్జ్' అని ఉంటే ఈ బెంగ అక్కర్లేదు.

230 వోల్టుల ఆంప్ దొరికినా కరెంటు సంగతి వదలదు. పది శాతం లెక్కన అది 207 నుంచి 253 దాకా తట్టుకుంటుంది. ఊళ్లో పెళ్లి జనరేటర్ మీద ఆ హద్దు దాటడం కొత్తేమీ కాదు. మంచి స్టెబిలైజర్ ఆంప్ ధరలో భాగమనే లెక్క వేసుకోండి. ఇన్వర్టర్ మీద నడపాలంటే ప్యూర్ సైన్ వేవ్ రకమే కావాలి, స్క్వేర్ వేవ్ మీద పాటకన్నా గురగుర ఎక్కువ వినిపిస్తుంది. హమ్ (ఎడతెగని గుయ్‌మనే మోత) వస్తోందని మూడో పిన్ను, అంటే ఎర్త్, కత్తిరించిన ఆంప్ చూస్తే, పవర్ వైరు మార్పించకుండా తాకవద్దు. పాడుతూ వాయించేవాడి పెదవి మైకుకు తగిలినప్పుడు షాక్ కొట్టేది ఇలాంటి చోటే. మిక్సర్, ఆంప్ రెండింటికీ ఒకే బోర్డు నుంచి, ఎర్త్ ఉన్న ప్లగ్గు నుంచి కరెంటు తీసుకోవాలి.

చూడటానికి వెళ్లేటప్పుడు ఆంప్ ముందే ఆన్ చేసి ఉంచవద్దని అమ్మేవాడికి చెప్పండి. చల్లగా ఉన్నప్పటి నుంచి చూస్తేనే జబ్బులు బయటపడతాయి. మొదట వాసన. కాలిన వార్నిష్ వాసన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వస్తే బేరం అక్కడితో ఆపేయడం మంచిది. ట్యూబు పైభాగాన అద్దంలా మెరిసే వెండి పూత పాలలా తెల్లబడితే లోపలికి గాలి చేరినట్టు. స్పీకర్ జాక్ బిగిసి ఉందో లేదో చూసి అప్పుడే ఆన్ చేయాలి. స్పీకర్ లేకుండా వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగదన్ని ఇన్సులేషన్ చీలుతుంది. సౌండ్ ఆపరేటర్ 'లైన్ ఇవ్వన్నా' అన్నప్పుడు స్పీకర్ ఔట్ జాక్‌లోంచి మిక్సర్‌కు వైరు వేసి ఆంపునీ మిక్సర్నీ కూడా పోగొట్టుకునేది ఇక్కడే. మైకు పెట్టడమే పద్ధతి, స్పీకర్ గుడ్డకు ఒకటి రెండు అంగుళాల దూరంలో.

ఆన్ చేశాక వాల్యూం సున్నా మీద ఉంచి వినండి. అప్పుడే హమ్ గట్టిగా ఉంటే ఫిల్టర్ కెపాసిటర్లు (లోపలి కరెంటును నిలకడగా ఉంచే భాగాలు) ఎండిపోయి ఉండాలి, లేదా పవర్ ట్యూబుల జత కుదరలేదు. వాల్యూంతోపాటు హమ్ పెరిగితే అనుమానం ముందు ట్యూబుల మీద, ఎర్త్ మీద. పదిహేనేళ్లు దాటిన కెపాసిటర్లు బాగున్నట్టు కనపడినా మార్చాల్సినవనే బేరమాడాలి. పెన్సిల్‌తో 12ఏఎక్స్7లను మెల్లగా తట్టి చూస్తే, పాడైనది స్పీకర్లో గంటలా మోగుతుంది. తర్వాత అరగంట తగ్గకుండా వాయించి, గదిలో లైటు ఆర్పి వెనకనుంచి చూడండి. ఫిలమెంట్ నారింజ రంగులో ఉండటం మామూలే. చుట్టూ ఉన్న బూడిదరంగు ప్లేటు ఎర్రబడితే బయాస్ (ట్యూబులో పారే కరెంటును అదుపులో ఉంచే సెట్టింగు) తప్పినట్టు, లేదా కప్లింగ్ కెపాసిటర్ (ఒక ట్యూబు నుంచి ఇంకోదానికి సిగ్నల్ పంపేది) లీకైనట్టు. వెంటనే ఆపేయాలి.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉన్న ఆంప్‌కు ఉప్పుగాలి దెబ్బ తగిలి ఉంటుంది. జాకులకు తుప్పు, ట్యూబ్ పిన్నుల మీద పచ్చటి పొర, తిప్పితే గరగరమనే నాబులు. ఇవన్నీ కాంటాక్ట్ క్లీనర్‌తో పోయేవే, బేరానికి మాత్రం బాగా పనికొస్తాయి. ఛాసిస్ (లోపలి లోహపు చట్రం) తుప్పు ట్రాన్స్‌ఫార్మర్ రేకుల్లోకి పాకితే మాత్రం ఆలోచించాలి.

రిపేరు ఎవరు చేస్తారన్నదీ అంతే ముఖ్యం. ఆపేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో వాటిని ఖాళీ చేయకుండా చెయ్యి పెట్టేవాడి చేతికి ఆంప్ ఇవ్వకూడదు. సెల్‌ఫోన్ రిపేర్లు చేసే కుర్రాడికన్నా వాల్వు రేడియోలు విప్పిన పెద్దాయన నయం. ఆయన సొరుగులో బెంగళూరు బీఈఎల్ తయారుచేసిన ఈఎల్84లు దొరికినా ఆశ్చర్యం లేదు, రేడియోల్లో అవే ఉండేవి. ఈసీసీ83 అని రాసి ఉన్నది మన 12ఏఎక్స్7కు ఇంకో పేరు. ఏళ్ల తరబడి మోగి అలిసిన రేడియో ట్యూబుల్ని మాత్రం జత చూడకుండా పెట్టించవద్దు. కొత్త ట్యూబులకూ కెపాసిటర్లకూ చెన్నై రిచీ స్ట్రీట్, హైదరాబాద్ కోఠీ వైపు వాకబు చేయాలి, దొరకనివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

ధర దగ్గర మా లెక్క ఇది. పవర్ ట్యూబులు, 12ఏఎక్స్7లు, ఫిల్టర్ కెపాసిటర్లు, స్టెబిలైజర్, 120 వోల్టులదైతే స్టెప్‌డౌన్, వీటన్నిటి ఖర్చు అడిగిన ధరలోంచి తీసేసి, మిగిలినదాని దగ్గర బేరం మొదలుపెట్టాలి. చెన్నై నుంచి తెచ్చుకుంటే ట్యూబులు ఏ సాకెట్‌వో గుర్తు రాసి, గుడ్డలో చుట్టి విడిగా మోయండి. ఆంప్ ముఖం కిందికి పెట్టి, ఇంటికి చేరాక రెండు గంటలాగి ఆన్ చేయండి.