‘వండితే తిండి చస్తుంది’ అన్న మెసేజ్‌కు జవాబు

వరంగల్, కరీంనగర్ వాకింగ్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. పొయ్యి మీద పెడితే తిండిలోని ఎంజైములు చస్తాయట. పచ్చి కూరగాయలు, నానిన గింజలు, మొలకలు, సోరకాయ రసమే తినాలట. పాలు కూడా అక్కర్లేదట. 21 రోజుల్లో షుగర్ గోళీలు బంద్ చేయొచ్చట. శాకాహారంతో మాకు పేచీ లేదు. మిగతావి ఒక్కొక్కటే చూద్దాం.

ఎంజైములు వేడికి పాడవుతాయన్నది నిజమే. కానీ పచ్చిగా మింగినా కడుపులోని ఆమ్లం వాటిలో చాలావాటిని పాడు చేస్తుంది. అవి మొక్క తన అవసరానికి చేసుకున్నవి. మన తిండి అరగడానికి కావాల్సినవి మన లాలాజలం, జీర్ణాశయం, క్లోమమే తయారు చేసుకుంటాయి.

‘వండితే విటమిన్లు పోతాయి’ అన్నది సగం నిజం. సి విటమిన్, ఫోలేట్ అనే బి విటమిన్ ఉడికిన నీళ్లలోకి దిగుతాయి. ఆ నీళ్లు పారబోస్తేనే పెద్ద నష్టం. పాలకూరను పప్పులోనే వేసి ఉడికిస్తే, వేడికి కొంత పోయినా మిగతావి కంచంలోకే వస్తాయి. క్యారెట్, టమాట సంగతి వేరు. ఉడికి, కాస్త నూనె తగిలితేనే వాటిలోని బీటా కెరోటిన్, లైకోపీన్ అనే పోషకాలు ఒంటికి బాగా పడతాయి. దించాక నిమ్మకాయ పిండితే పప్పులోని ఇనుము కూడా ఎక్కువ అందుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ లాభం తగ్గుతుంది, గంట ఆగండి.

ఇక ‘గింజలు నానితే చాలు’ అన్న మాట. ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా బాధ్యత లేని మాట ఇదే. రాజ్మా గింజలు నాలుగైదు పచ్చిగా తిన్నా కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. కారణం వాటిలోని లెక్టిన్ అనే విష పదార్థం. నానబెడితే అది పోదు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 30 నిమిషాలు తెర్లనివ్వాలి. మరగకుండా సన్నటి వేడి మీద ఉంచితే విషం ఇంకా పెరగొచ్చు. బబ్బెర్లైనా, అనుములైనా మన ఇళ్లల్లో గుడాలు చేసే పెడతారు, పచ్చిగా పెట్టరు.

మొలకల్లో సి విటమిన్ పెరిగేది నిజమే. అయితే ఆ తడి, ఆ వెచ్చదనం బ్యాక్టీరియాకూ కావాల్సినవే. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల వ్యాపించిందని తేల్చిన ఈ.కోలై బ్యాక్టీరియాకు 50 మందికి పైగా చనిపోయారు. కడిగితే పైది పోతుంది, లోపలికి చేరింది పోదు. ఆవిరి మీద బాగా వేడెక్కేదాకా ఉంచి తినండి. గర్భిణులు, పిల్లలు, ముసలివాళ్లు పచ్చివి ముట్టుకోకపోవడమే మంచిది.

సోరకాయ రసం తాగి మన దేశంలో మనుషులు చనిపోయారు. చేదెక్కిన కాయలోని కుకుర్బిటాసిన్లు అనే చేదు విషాలే కారణం. వాటికి విరుగుడు లేదు, ఉడికించినా పోవు. కోసిన ప్రతి కాయనూ చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదైతే ఉమ్మేసి కాయ పారేయాలి. రసంలో కాకరకాయ కలిపితే ఆ చేదు తెలియదు, అందుకే కలపొద్దు. తాగాక వాంతులు, కడుపునొప్పి మొదలైతే ఇంటి చిట్కాలు చూడకుండా ఆస్పత్రికి పోవాలి.

పాలు వద్దన్న వాళ్లు బీ12 విటమిన్ మాట ఎత్తరు. పెద్దవాళ్లకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో అది దాదాపు ఉండదు. స్పిరులినా అనే నాచు పొడిలో ఉన్నది చాలావరకు ఒంటికి పనికిరాని రూపం. చద్దన్నాన్నీ నమ్ముకోలేం. కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మొదట్లో ఏమీ తెలియదు. తర్వాత అరికాళ్లు తిమ్మిర్లెక్కుతాయి, నాలుక మంట పుడుతుంది. పాలు, గుడ్లు కూడా మానేసినవాళ్లు రోజూ కనీసం 10 మైక్రోగ్రాముల గోళీ గానీ, వారానికోసారి 2,000 మైక్రోగ్రాములది గానీ వేసుకోవాలి. ఒక్కసారి ఎక్కువ వేసుకుంటే అందులో కొద్ది వంతే ఒంటికి పడుతుంది, అందుకే వారం లెక్క అంత పెద్దది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు బీ12 ఇంకా తగ్గొచ్చు, పరీక్ష చేయించుకోవాలి.

చివరగా 21 రోజుల మాట. అన్నం తగ్గితే పొద్దున షుగర్ అంకె దిగుతుంది, నిజమే. కానీ హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష చూపేది రెండు మూడు నెలల సగటు. మూడు వారాలకే గెలిచామనుకోవడం తొందరపాటు. గ్లిమిపిరైడ్ అనే షుగర్ గోళీ వేసుకుంటూ అన్నం, రొట్టె ఒక్కసారిగా మానేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి, స్పృహ కూడా తప్పొచ్చు. తిండి మార్చే ముందే డాక్టర్‌తో మోతాదు మార్పించుకోవాలి. కిడ్నీ జబ్బు ఉండి బీపీకి టెల్మిసార్టాన్ లాంటివి వాడేవాళ్లు పొటాషియం ఎక్కువుండే ఆకుకూరల రసాలు, కొబ్బరినీళ్లు మొదలుపెట్టే ముందు రక్తంలో పొటాషియం చూపించుకోవాలి.