రెండంగుళాల ముప్పు

పిల్లలు మాట్లాడితే "నోరు ముయ్యి" అంటే సరిపోతుంది. అసలు నోరే విప్పకుండా నిరసన తెలిపేవాళ్లతోనే చిక్కంతా. ఈ బాధ పూర్తిగా అనుభవించినవారు అమెరికాలోని డెమోయిన్ ప్రిన్సిపాళ్లు. వాళ్ల తరఫున మాట్లాడే నాథుడు లేడు కాబట్టి నేనే పూనుకుంటున్నాను.

1965 డిసెంబరు. వియత్నాం యుద్ధంలో పోయినవారికి సంతాపంగా, క్రిస్మస్ కాల్పుల విరమణ కోరుతూ కొందరు విద్యార్థులు చేతికి రెండంగుళాల నల్ల గుడ్డ కట్టుకోవాలనుకున్నారు. సంగతి ముందే పసిగట్టిన ప్రిన్సిపాళ్లు మీటింగ్ పెట్టి, గుడ్డ తీయకపోతే సస్పెండ్ చేయాలని తేల్చేశారు. యుద్ధం ఏం చేయాలో వైట్‌హౌస్‌కే పాలుపోని రోజుల్లో ఎంత స్పష్టత!

అదే బళ్లకి కొందరు ఎన్నికల బ్యాడ్జీలతో వచ్చేవారు. నాజీల గుర్తుగా పేరుపడ్డ ఐరన్ క్రాస్ వేసుకొచ్చినవారూ ఉన్నారు. వాటి జోలికి ఎవరూ పోలేదు. దీన్ని పక్షపాతం అనకండి. నల్ల గుడ్డ చూస్తే పక్క బెంచీవాడు "ఎందుకు కట్టుకున్నావ్?" అంటాడు. బడిలో ప్రశ్నలు అడగాల్సింది పరీక్ష పేపరు కదా.

పదమూడేళ్ల మేరీ బెత్ టింకర్‌తో పాటు ఆమె అన్న జాన్, క్రిస్టఫర్ ఎకార్ట్ సస్పెండయ్యారు. రెండో తరగతి చదివే టింకర్ల తమ్ముడు కూడా గుడ్డ కట్టుకెళ్లాడు గానీ ఎనిమిదేళ్లవాడని వదిలేసినట్టున్నారు. ఇక్కడ మాత్రం ప్రిన్సిపాళ్లది ముమ్మాటికీ అలసత్వమే.

1969లో సుప్రీంకోర్టు 7-2తో పిల్లలవైపే తీర్పిచ్చింది. బడి గేటు దగ్గర వాక్ స్వాతంత్ర్యాన్ని వదిలేసి రానక్కర్లేదట! అంతకాలం ఆ స్వాతంత్ర్యానికి పెద్దదిక్కుగా నిలిచిన జస్టిస్ హ్యూగో బ్లాక్ ఈసారి మాత్రం అడ్డం తిరిగారు. మేరీ బెత్‌తో వాదనల వల్ల ఒక లెక్కల పీరియడ్ దాదాపు పాడైపోయిందని తన అసమ్మతిలో వాపోయారు. యుద్ధంలో పోయిన ప్రాణాల మాట సరే, పోయిన లెక్కల పీరియడ్‌ని ఎవరు తెచ్చిస్తారు?

మనవాళ్లేం తక్కువ తినలేదు. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు తమ మతవిశ్వాసం ఒప్పుకోదని జాతీయగీతం పాడలేదు. మర్యాదగా లేచి మాత్రం నిలబడ్డారు. అయినా బడి నుంచి తీసేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టులో మన తెలుగాయన, జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి, వాళ్లని తిరిగి చేర్చుకోమన్నారు. రోజంతా "సైలెన్స్" అని అరిచే మాస్టార్లకి ఎంత అన్యాయం!

అన్నట్టు, డెమోయిన్ పిల్లలు సెలవుల తర్వాత గుడ్డలు లేకుండానే బడికొచ్చారు. కాకపోతే ఆ విద్యాసంవత్సరం మిగిలినన్నాళ్లూ నల్ల బట్టలే వేసుకొచ్చారు. దానికి రూలు రాయడం ప్రిన్సిపాళ్లకి తట్టలేదు.